చిక్కడపల్లిలో సిద్ధుల మూస

హైదరాబాదు నగరమున హుస్సేను సాగరమునకు దిగువను, ఒకదాని నొకటి యానుకొని నారాయణగూడ, చిక్కడపల్లి, అశోక్ నగరు అను మూడు పేటలు గలవు. పటములో నివి మూడు పేర్లు. కూరల సంచి చేతబట్టి నడచు నిల్లాలికి మాత్ర మివి యొక్కటే యూరు. నారాయణగూడలో మాడపాటి హనుమంతరావు పంతులుగారి పేర బాలికల పాఠశాల యున్నది. నిజాము ప్రభుత్వపు దినములలో తెలుగు బాలికలకు తెలుగుననే చదువు చెప్పవలెనని 1928 వ సంవత్సరమున మొదలైన పాఠశాల యది. చిక్కడపల్లిలో త్యాగరాయ గానసభ యున్నది. పాటయో, నాటకమో, పుస్తకావిష్కరణమో లేని సాయంకాల మచ్చట నరుదు. నగర కేంద్ర గ్రంథాలయమును అక్కడనే కలదు. దాని కంటియున్న అశోక్ నగరు సందులలో ఉద్యోగ పరీక్షలకు చదువుకొను యువతీ యువకులు అద్దెగదులలో గుంపులు గుంపులుగా నుందురు. పెద్దవీథి మీదుగా 2020 ఫిబ్రవరి నుండి మెట్రో రైలు నడచుచున్నది. చిక్కడపల్లికి నొక స్టేషను, నారాయణగూడకు నొక స్టేషను.

ఈ మూడు పేటలలో తిరుగుచునే మేము కొన్ని మాసములుగా నొక దూరపు విద్యను గూర్చి తెలిసికొనుచుంటిమి. అది తమిళదేశపు సిద్ధుల రసవాదము. రసవాద మనగానే మనవారిలో కొందఱు "ఇనుమును బంగారము చేయుదురట!" యని నవ్వి యూరకుందురు, మఱికొంద ఱాశపడి మోసపోవుదురు. నవ్వుటయు, ఆశపడుటయు రెండును తెలియమి వలననే కలుగుచున్నవి. ఆ గ్రంథములలో పదార్థమును గూర్చిన గట్టి తలంపొకటి యున్నది. అది మన వంటయింటికి మిక్కిలి చేరువైనది గావున సోదరీమణులతో ముచ్చటింప దలచితిమి.

మాకు దారి చూపినది మా వీథిలో కాపురమున్న యొక వృద్ధురాలు. ఆమె పుట్టినిల్లు పళని సీమ. వీథివారందఱు నామెను మామిగారని పిలుతురు. తండ్రి సిద్ధవైద్యుడగుటచే చిన్ననాట విన్న తమిళ పద్యములు కొన్ని ఆమెకు కంఠస్థములు. చిక్కడపల్లి వేంకటేశ్వరస్వామి గుడినుండి తిరిగి వచ్చునపు డామె యొక్కొక్క పద్యమునకు అర్థము చెప్పుచు మెల్లగా నడచెడిది. మేమును చిన్ననాట తండ్రిగారి యొద్ద సంస్కృతమున చదివిన రసశాస్త్ర విషయములను దానితో పోల్చుకొనుచుంటిమి. ఇంకను సందేహమున్నచో గ్రంథాలయమునకు పోయెడివారము.

తమిళులు పదునెనిమిది మంది సిద్ధులను చెప్పుదురు. అగస్త్యుడు, తిరుమూలరు, భోగరు, రామదేవరు, కొంగణరు, కోరక్కరు మొదలైనవా రందులోని వారు. తిరుమూలరు రచించిన తిరుమందిరమున మూడువేల పద్యములు గలవందురు. పళని కొండమీది కుమారస్వామి మూర్తిని భోగరు తొమ్మిది పాషాణములను కట్టి చేసెనని ప్రతీతి. పాషాణ మనగా నిచ్చట రాయి కాదు, విషద్రవ్యము. కొంగణరు మన తిరుపతియందే సమాధి పొందెనని తమిళుల నమ్మకము. ఈ సిద్ధుల పేర నేడు దొరకు వాద వైద్య గ్రంథములలో పెక్కులు తరువాతి శతాబ్దములలో కూర్పబడినవే యని పండితుల యభిప్రాయము. తంజావూరి సరస్వతీ మహలులోను, చెన్నపట్టణపు ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారములోను తాటాకు ప్రతులు భద్రముగ నున్నవి. ఆ వైద్యము నేటికిని సజీవమే. చెన్నపట్టణము దాపున తాంబరములో జాతీయ సిద్ధవైద్య సంస్థ 2005 వ సంవత్సరమున నెలకొన్నది.

సిద్ధుల విద్యకు నాలుగు శాఖలు: వాదము, వైద్యము, యోగము, జ్ఞానము. వాద మనగా లోహములను మార్చు విద్య. ఇది తక్కిన మూటినుండి విడివడినది కాదు. పంచభూతములచే ప్రపంచ మెట్లు కూర్పబడినదో శరీరమును అట్లే కూర్పబడినదని వారి మతము. లోహములును అంతే. బంగారము పృథివి, సీసము జలము, రాగి అగ్ని, ఇనుము వాయువు, తుత్తునాగము ఆకాశము అని వారు పంచి చెప్పిరి. ఉప్పులు, క్షారములు ఇరువదియైదు, పాషాణములు అఱువదినాలుగు, వానిలో సగము పుట్టుకతో నున్నవి, సగము మనుజుడు చేసినవి, ఉపరసములు నూటయిరువది. ఈ లెక్కలు కేవలము జాబితాలు కావు. ప్రతి ద్రవ్యమునకును మిత్రులు, శత్రువులు గలరు. ఒకటి యొకదానిని బలపఱచును, మఱియొకటి దాని గుణమును చెఱచును. కొన్ని పురుషద్రవ్యములు, కొన్ని స్త్రీద్రవ్యములు. పాదరసము శివాంశము, గంధకము శక్త్యంశము. ఈ రెండింటి కలయికయే రసవిద్యకు మూలము.

ఇట్లు చూచినచో వస్తువునకు స్థిరమైన గుణమొకటి నిలిచియుండదు. అది దేనితో కూడినది, ఎంత నిప్పు చూచినది, ఎన్ని దినములు నిలిచినది యనుదానిని బట్టి దాని స్వభావము పండుచు వచ్చును. నారాయణగూడ బజారున కొనితెచ్చిన పచ్చిమామిడికాయ మన జాడీలో ఉప్పు, ఆవపిండి, నూనెలతో కలసి మూడవనాటికి వేఱొక వస్తువగుట మనకు తెలియును. సిద్ధులు లోహమునకును అదే మాట చెప్పిరి. భూమిలో నెమ్మదిగా పండు దానిని మూసలో త్వరగా పండింపవచ్చునని వారి యాశ. మూస యన నిప్పునకు నిలుచు మట్టిపాత్ర. కంసాలి బంగారము కరగించునదియు మూసయే.

మా చిన్నతనమున పట్టణముల వీథులలో కళాయివా డొకడు వచ్చెడివాడు. ఇత్తడి గిన్నెను కొలిమిపై నెఱ్ఱగ కాచి, పిడికెడు నవసారపు పొడి చల్లి, ఒకింత తగరము రాచి, దూదితో పులిమిన క్షణమున తెల్లని పొగ లేచి గిన్నె లోపల వెండివలె మెఱసెడిది. ఆ నవసారమును సిద్ధుల క్షారములలో నొకటి. అది వేడికి ఇత్తడిపై మకిలిని తినివేయుటచే తగరము పట్టుకొనును. ఇందు మాయ యేమియు లేదు. మిత్రద్రవ్యమును సమయమునకు చేర్చుటయే కలదు. నేడు స్టెయిన్‌లెస్ స్టీలు గిన్నెలు వచ్చి కళాయివాని కేక మన వీథులలో నరుదైనది. సిద్ధుల "ముప్పు" అను మూడుప్పుల రహస్యద్రవ్యమునకు మూలమైన పూనీరును అట్టిదే. అది చాకలివారు బట్టలుతుకుటకు వాడెడి చవుడు నేలపై తెల్లగ పూయు క్షారము. ఎవరును లెక్కచేయని మట్టిలో వారు తమ తాళపుచెవిని వెదకిరి.

పాలలో తోడు వేయుట యందు వారి విద్యలోని మఱియొక ముఖ్యమైన మాట గలదు. చెంచాడు పెరుగు కుండెడు పాలను తనవంటి పెరుగుగా చేయును. రసగ్రంథములలో దీనినే వేధ యందురు. గ్రుచ్చుకొని పోవుట యని యర్థము. సిద్ధమైన రసము తనకు నూఱు రెట్లు లోహమును మార్చినచో శతవేధి, వేయి రెట్లు మార్చినచో సహస్రవేధి. లోహముపై పూసి చేయునది లేపవేధ, కరగిన దానిలో వైచి చేయునది క్షేపవేధ, పొగ తగిలించి చేయునది ధూమవేధ. తాకినంతనే మార్చునది స్పర్శవేధి. మనము పాటలలో, కథలలో నిత్యము వాడు "పరుసవేది" యను తెలుగుమాట ఆ స్పర్శవేధి నుండియే వచ్చినది. తెలుగు తల్లులు పసిపిల్లలను పరుసవేదితో పోల్చి ముద్దులాడునపుడు రసవాదుల మాటనే పలుకుచున్నారని మేము మామిగారితో ననగా నామె మిక్కిలి సంతోషించినది.

మార్పునందును రెండు విధములు గలవు. పెండ్లికూతురి పాదములకు పారాణి పెట్టుటకు పసుపున సున్నము కలిపెదము. పసుపు తక్షణమే ఎఱ్ఱనగును. అందు నిమ్మరసము పిండినచో మరల పచ్చనగును. కాని పెరుగైన పాలు మరల పాలు కావు. సిద్ధులును, మన రసవైద్యులును ఈ భేదమును చక్కగ నెఱిగిన వారు. లోహమును భస్మము చేసిన పిదప అది వ్రేళ్ల గీతలలో నిమిడిపోవలెను; నిలుకడ నీటిపై చల్లగా తేలవలెను; నేయి, తేనె, వెలిగారము మొదలగు ద్రవ్యములతో కలిపి మరల కాల్చినను తొంటి లోహముగ తిరిగి రారాదు. ఈ కడపటి పరీక్షకు అపునర్భవ మని పేరు. మరల పుట్టుక లేమి యని దాని యర్థము. అదే మాట జ్ఞానికిని, భస్మమునకును చెల్లుట గమనింపదగినది.

పాదరసము విషయమున ఈ పరీక్ష మిక్కిలి కఠినము. ఇంగిలీకమును కాల్చి ఆవిరిని చల్లార్చినచో పాదరసము దిగును. దానిని గంధకముతో కల్వమున నూఱగా నూఱగా మెఱుపు పోయి కాటుకవంటి నల్లని పొడి యగును. అందుచేతనే దానికి కజ్జలి యని పేరు. ఆ కజ్జలిని సీసాలో నిడి, యిసుక నింపిన కుండలో క్రమముగ కాచినచో ఎఱ్ఱని సిందూరము సీసా మెడకు పట్టును. తమిళులు చెందూర మనునది ఈ తరగతి మందులనే. తెల్లని భస్మములను పర్పమనియు, ద్రవమును గట్టిపఱచుటను కట్టనియు చెప్పుదురు. తెలుపు నలుపై, నలుపు ఎఱుపై, ఆ ఎఱుపును సరియైన తోడుతో కాల్చినచో మరల తెల్లని పాదరసమే కదలును. చచ్చి బ్రదుకు ద్రవ్యము గనుకనే రసము వారికి మృత్యువును గెలుచు గుఱుతుగా తోచెను. పుటము వేయుటయును కష్టమైన పని. గజపుటమునకు గోతిలో క్రింద వేయి పిడకలు, మూస పైని అయిదువందలు పేర్చవలెనని విధి. ఒక్కొక్క మందు అట్టి పుటములను పదులకొలది చూచును.

ఇది యంతయు తమిళుల సొత్తేయని యనుకొనరాదు. రసవిద్యకు శ్రీశైలము పుట్టినింటి వంటిది. నిత్యనాథుని రసరత్నాకరములోను, ఆనందకందములోను శ్రీపర్వతమందలి గుహలు, నీళ్లు, రాళ్లు, చెట్లు సిద్ధికి సాధనములుగా వర్ణింపబడినవి. 7 వ శతాబ్దమున మన దేశమునకు వచ్చిన చీనాయాత్రికుడు హ్యూయన్‌త్సాంగు, శాతవాహనరాజు కట్టించు విహారమునకు ధనము చాలనపుడు నాగార్జునుడు రాళ్లను బంగారము చేసెనను కథను వ్రాసియున్నాడు. 15 వ శతాబ్దపు గౌరన రచించిన నవనాథ చరిత్రమున సిద్ధ నాగార్జునుడు కొండనే బంగారము చేయబూనుట చదువుదుము. వేమన స్వర్ణవిద్య నెఱిగియు దానిని వదలి దిగంబరుడై తిరిగెనని మన యవ్వలు చెప్పెడివారు. ఈ కథలన్నిటను ఒక సామ్యము గలదు. బంగారము చేయగలవానికి బంగారముతో పనియుండదు. పనియున్నవానికి బంగారము కాదు. సిద్ధుల పద్యములును ఆ మాటనే పలువిధముల చెప్పునని మామిగారనిరి. మూసలోని ద్రవ్యముతోపాటు కాల్చువాడును పక్వము కావలెను. మందును మొదట లోహముపై పరీక్షించి, అది నిలిచిన పిదపనే దేహమున వాడవలెనని రసశాస్త్రపు నియమము. అనగా బంగారము చేయుట వారికి తుదిఫలము కాదు, మందునకు పెట్టిన పరీక్ష.

ఇంత విద్యను వారు సూటిగా వ్రాసిన పాపమున బోలేదు. ఒక ద్రవ్యమునకు పది పేర్లు, ఒక పేరునకు పది యర్థములు. గురువు నోట వినక పద్యమును చూచి మందు చేయువాడు చెడుననియే వారి యుద్దేశము. ఈ చిక్కును విప్పుటకే పోలీసు ఉద్యోగి యైన సాంబశివం పిళ్ళై గారు జీవితమంతయు ధారపోసి వైద్యనిఘంటువును కూర్చి 1931 నుండి ప్రకటింప మొదలిడిరి. తెలుగువారికి ఇంకొక ప్రమాదమును గలదు. మన వైద్యగ్రంథములలో నాగమన సీసము, వంగమన తగరము. తమిళ సిద్ధగ్రంథములలో నాగమన తుత్తునాగము, వంగమన సీసము కావచ్చును. మాట యొక్కటే, పదార్థము వేఱు. తగరమని తలచి సీసము మ్రింగించినచో నేమగును? ఈ సంగతి మామిగారు మాకు చెప్పిన నాడు మేము దానిని కేవలము భాషావిశేషముగా వ్రాసికొంటిమి. తరువాత కొలది దినములకే అది మా యింట బ్రతుకు ప్రశ్న యైనది.

మా యత్తగారికి మోకాళ్ల నొప్పులు. రాత్రులందు నిద్రపట్టక మూలుగుచుండిరి. ఒకనాటి మధ్యాహ్నము మా వారు బడికి పోయియుండగా వీథిలో తిరుగు మందులవా డొకడు వచ్చి, పళని సిద్ధులు చెప్పిన చెందూరమని యొక ఎఱ్ఱని పొడి పొట్లమును అత్తగారి చేతిలో పెట్టెను. పొట్లముపై పేరు లేదు, ఊరు లేదు. ఒక మండలము సేవించినచో మోకాళ్లు పదునారేండ్ల పడుచు మోకాళ్లగునట. కాని మందు పూర్ణము కావలెనన్న రసమునకు స్వర్ణగ్రాస మీయవలెను, అనగా బంగారమును తినిపింపవలెను. అందులకు అత్తగారి చేతి గాజులు రెండు కావలెను. ఎనిమిది దినముల పిమ్మట వచ్చి కొనిపోవుదునని చెప్పి పోయెను.

వాని మాటలు పూర్తిగా కల్పనలు కావు. మోసమునకు బలము అందే యున్నది. రసము బంగారమును గ్రసించుట గ్రంథములలో నున్నది. పాదరసమున బంగారము వైచినచో అది కరగి కంటికి కనబడకుండ పోవుట నిజము కూడ. అత్తగారు బాధలో నున్నవారు. మా వారు తల్లి మాట కాదనలేరు. మేము కోడలము, "వలదు" అన్నచో గాజులపై కన్ను వేసితిమని యనుకొనుట కెంతసేపు? ఆ రాత్రి యింట నెవ్వరికిని సరిగా నిద్ర లేదు.

మఱునాడు మామిగారిని ఇంటికి పిలిచితిమి. ఆమె అత్తగారి ప్రక్కన కూర్చుండి మందును తిట్టలేదు, మందులవానిని తిట్టలేదు. తన తండ్రి చెందూరము చేయునపుడు ఎన్ని దినములు శుద్ధి చేసెడివాడు, ఎట్టి పథ్యము చెప్పెడివాడు, రోగి నాడి చూడక యొక్క గింజయెత్తయినను ఎట్లు ఇయ్యకుండెడివాడు అనుదానిని కథవలె చెప్పినది. అత్తగా రంతయు విని, "అయితే మామిగారూ, మీ నాయనగారు గాజులడిగెడివారా?" యనిరి. మామిగారు నవ్వి, "రోగి యింట మజ్జిగ కూడ పుచ్చుకొనెడివారు కారమ్మా" యనిరి. మేము పొట్లమును తీసికొనిపోయి ప్రభుత్వ ఆయుర్వేద వైద్యు లొకరికి చూపితిమి. చేసినవాని పేరు, అనుమతి సంఖ్య, లోని ద్రవ్యముల పట్టిక లేని దానిని మందనరాదని వారు చెప్పి, ఆ పొట్లమును తమ యొద్దనే యుంచుకొనిరి.

ఎనిమిదవనాడు వాడు వచ్చెను. అత్తగారు వాకిటనే కూర్చుండి, "నాయనా, నా గాజులను నీ పాదరసము మ్రింగునంటివి. మా యూరి కంసాలి బొమ్మలకు పూత పూయునపుడు పాదరసములో బంగారము కరగించి, పూసి, నిప్పుపై కాచెడివాడు. రసము ఆవిరియై పోయి బంగారము బొమ్మపై నిలిచెడిది. చిన్నప్పుడు చూచితిని. మ్రింగినదానిని నీ రసము చేత మా కంసాలివలె కక్కించి నాకు చూపింపగలవా? చూపినచో తరువాత మాటాడుదము" అనిరి. వాడు రేపు వచ్చెదనని వెడలెను. ఆ రేపు నేటికిని రాలేదు. అత్తగారి గాజులు చేతులకే యున్నవి. మోకాళ్ల నొప్పులును పూర్తిగా పోలేదు. వైద్యులు చెప్పిన తైలము రాచుకొని, సాయంకాలము గుడివఱకు మామిగారితో మెల్లగా నడచుచున్నారు. రాత్రి కొంత నిద్ర పట్టుచున్నది. మేమున్నదున్నట్లు వ్రాసితిమి.

సోదరీమణులు అడుగవచ్చును: "అయితే సిద్ధుల మందులన్నియు విషములేనా?" అట్లనుట న్యాయము కాదు. గంధకముతో దృఢముగ కలసిన రసము వేఱు, విడిగా నున్న పాదరసము వేఱు. కాని చేతపట్టిన ఎఱ్ఱపొడి యేదియో కన్ను చెప్పలేదు. 2008 వ సంవత్సరమున నమెరికాలోని వైద్యులు అంతర్జాలము ద్వారా అమ్ముడుపోవు 193 ఆయుర్వేదపు మందులను పరీక్షింపగా, సుమారు అయిదవవంతులో సీసమో, పాదరసమో, పాషాణమో కనబడెను. పాదరసము మరుగుటకు 357 డిగ్రీల వేడి కావలెను గాని, గదిలోని మామూలు వేడికే అది కంటికి కనబడని యావిరిగా లేచును. ఆ యావిరి మెదడునకును, మూత్రపిండములకును, కడుపులోని బిడ్డకును కీడు. జపానులోని మినమాటా యూర 1956 లో బయటపడిన ఘోరవ్యాధికి కారణము కర్మాగారము సముద్రమున వదలిన పాదరసమే. ఆ యూరి పేరనే జరిగిన యంతర్జాతీయ యొడంబడిక 2017 నుండి అమలులో నున్నది. మన దేశమున 1940 నాటి ఔషధ చట్టపు నియమములలో ఇ-1 అను పట్టిక గలదు. పాదరసము, ఇంగిలీకము, తాళకము, మణిశిల మొదలగునవి చేరిన మందుపై "వైద్యుని పర్యవేక్షణమున వాడవలెను" అను హెచ్చరిక యుండవలెనని విధి. నారాయణగూడలోనైనను, మఱి యే యూరిలోనైనను మందు కొనునపుడు ఆ హెచ్చరికను, చేసినవారి పేరును, అనుమతి సంఖ్యను చూచి కొనుట మన హక్కు. పూసలో బంధించిన పాదరసమని యమ్ము రసమణులను బిడ్డల మెడలో కట్టుటయు, వానిని పాలలో వైచి కాచుటయు తగదు.

బంగారు కలయొక్క గతి యేమైనదని కూడ వినుట మంచిది. నేటి రసాయనశాస్త్రమున పాదరసపు సంఖ్య 80, బంగారపు సంఖ్య 79. రెండును పక్కపక్క యిండ్లవారు. 1941 లో హార్వర్డు విశ్వవిద్యాలయమున పాదరసముపై న్యూట్రానులను ప్రయోగించి నిజముగనే బంగారమును పుట్టించిరి. కాని ఆ బంగారము రేడియోధార్మికమైనది, నిలువదు; కొలది కాలములో మరల పాదరసమగును. సిద్ధుల మాటలో చెప్పవలెనన్న అది అపునర్భవ పరీక్షలో తప్పిన బంగారము. సిద్ధులు వేలకొలది ద్రవ్యములలో పాదరసమునే పట్టుకొనుట యాదృచ్ఛికమే కావచ్చును. అయినను వినుటకు వింతగనే యున్నది. వారు బంగారము చేయకపోయినను, నూఱుట, వడకట్టుట, ఆవిరి పట్టుట, మూస చేయుట, నిప్పును కొలుచుట వంటి విద్యలను మనకు నిలిపిరి. ఆచార్య ప్రఫుల్లచంద్ర రాయి గారు 1902 లోను, 1909 లోను ప్రకటించిన హిందూ రసాయనశాస్త్ర చరిత్రము రెండు సంపుటములును ఆ శ్రమకు చూపిన గౌరవమే.

ఈ నడుమ గ్రంథాలయమునకు పోయినపుడు అశోక్ నగరు మీదుగ వచ్చితిమి. సందులలో టీకొట్ల యొద్ద యువతులు పుస్తకములు చంకన బెట్టుకొని ప్రశ్నలను వల్లెవేయుచుండిరి. అందొక పిల్ల, మా వారి యొద్ద చదివినది, మమ్ము చూచి నమస్కరించి, "మూడవ సారి వ్రాయుచున్నానమ్మా" యనెను. ఇంటనుండి వచ్చు సొమ్మును పొదుపుగ వాడుకొనుచు ఒక్క గదిలో నలుగురు నుందురట. మాసమున ఉద్యోగము చేతికిత్తుమను మధ్యవర్తు లామె యొద్దకును వచ్చిరట. "వారి పేరు, ఊరు, కాగితము అడిగితినమ్మా, మరల రాలేదు" అని యామె నవ్వినది. తోడు వేసిన పాలు తోడుకొనుటకు రాత్రియంతయు కావలెనని తెలిసిన యింటి పిల్ల క్షణములో పెరుగు చూపువానిని నమ్మదు. ఆమెకు ఆ యేడు జయము కలుగుగాక యని దీవించి, గ్రంథాలయపు మెట్లెక్కితిమి. లోపల కుర్చీ దొరకుటకు చాలసేపు నిలువవలసి వచ్చినది.